మయోసైటిస్ యాంటీబాడీ రిపోర్టును చదవడం ఎలా

నల్గొండలోనో, మిర్యాలగూడలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఇచ్చిన రక్తం హైదరాబాద్‌లోని పెద్ద ల్యాబుకు వెళ్లి, కొన్ని రోజుల తరువాత పీడీఎఫ్ రూపంలో ఫోనుకు వస్తుంది. అందులో జో-1, పీఎల్-7, ఎంఐ-2, ఎండీఏ-5, టిఫ్-1 గామా అంటూ పదిహేను పదహారు పేర్లు వరుసగా ఉంటాయి. ఒక్కొక్క పేరు పక్కన నెగటివ్ అనో, బార్డర్‌లైన్ అనో, పాజిటివ్ అనో రాసి ఉంటుంది. ఆ కాగితం చేతికి వచ్చిన కుటుంబానికీ, దాన్ని ముందుగా చూసే జిల్లా స్థాయి వైద్యుడికీ ఉపయోగపడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. 2022 అక్టోబరులో సినీనటి సమంత తనకు మయోసైటిస్ ఉన్నట్టు ప్రకటించిన తరువాత ఈ జబ్బు పేరు మన ఇళ్లలో వినబడుతోంది గాని, దాని రిపోర్టును ఎలా అర్థం చేసుకోవాలో తెలుగులో చెప్పినవారు తక్కువ.

మయోసైటిస్ అంటే రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి సొంత కండరాల మీద దాడి చేయడం వల్ల వచ్చే వాపు. దానితో పాటు చర్మం మీద ప్రత్యేకమైన మచ్చలు కూడా ఉంటే దాన్ని డెర్మటోమయోసైటిస్ అంటారు. ఈ రోగుల్లో సగానికి పైగా మంది రక్తంలో సొంత కణాల్లోని ఏదో ఒక ప్రొటీనును లక్ష్యంగా చేసుకున్న ఆటోయాంటీబాడీ కనిపిస్తుంది. ఏ యాంటీబాడీ ఉన్నదన్న దాన్ని బట్టి ఊపిరితిత్తులు దెబ్బతినే ముప్పు ఎంత, క్యాన్సరు కోసం వెతకాలా వద్దా, కండరం ఎంత వేగంగా క్షీణించవచ్చు అన్న సంగతులు ముందుగానే అంచనా వేయవచ్చు. అయితే పరీక్ష చేయించే ముందు రోగిలో ఏమి చూశామన్న దాని మీదనే ఈ అంచనా విలువ ఆధారపడి ఉంటుంది. అందుకే రిపోర్టు కన్నా ముందు రోగితో మొదలుపెట్టాలి.

రక్తం తీయడానికి ముందు చూడవలసినవి

మయోసైటిస్‌లో ప్రధాన లక్షణం నొప్పి కాదు, బలహీనత. అది కూడా భుజాలు, తొడలు, నడుము దగ్గరి పెద్ద కండరాల్లో, రెండు వైపులా సమానంగా, వారాల నుంచి నెలల వ్యవధిలో పెరిగే బలహీనత. కాబట్టి "నొప్పులున్నాయా?" అని అడిగి ఊరుకోకూడదు. కింద కూర్చున్న మనిషి చేయి ఆనించకుండా లేవగలుగుతున్నదా, నిండు బిందెను నెత్తికి ఎత్తుకోగలుగుతున్నదా, జడ వేసుకునేటప్పుడు చేతులు పైన నిలుస్తున్నాయా, ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కడానికి కడ్డీని పట్టుకుని పైకి లాక్కోవలసి వస్తున్నదా అని అడగాలి. ముద్ద మింగేటప్పుడు గొంతులో అడ్డుపడుతున్నదా, నీళ్లు తాగితే ముక్కులోకి వస్తున్నాయా అన్న ప్రశ్నలను ఎన్నడూ వదలకూడదు. మింగడం కష్టమైన రోగిని రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఉంచడం ప్రమాదకరం.

ఉమ్మడి నల్గొండ జిల్లాకు ప్రత్యేకమైన ఒక చిక్కును ఇక్కడ చెప్పుకోవాలి. మర్రిగూడ, మునుగోడు, నారాయణపూర్ ప్రాంతాల్లో తరతరాలుగా ఫ్లోరైడు నీళ్లు తాగిన వాళ్లు లేవలేకపోతున్నామంటే ఇంటివాళ్లూ, వైద్యులూ కూడా దాన్ని వెంటనే ఫ్లోరోసిస్ ఖాతాలో వేస్తారు. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ ఫ్లోరోసిస్‌లో ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయి నడుము, మెడ వంగవు, నొప్పి ఎక్కువగా ఉంటుంది, మార్పు ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. కీళ్లు బాగానే వంగుతున్నా లేవడానికి బలం చాలకపోతే, అదీ గత మూడు నాలుగు నెలల్లోనే మొదలైతే, ఆ రోగికి సీపీకే పరీక్ష చేయించాలి. ఫ్లోరోసిస్ ఉన్న మనిషికి మయోసైటిస్ రాకూడదన్న నియమం ఏదీ లేదు.

సీపీకే అన్నది కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ఎంజైము. చాలా ల్యాబుల్లో దాని సాధారణ గరిష్ఠ పరిమితి 200 యూనిట్ల చుట్టుపక్కల ఉంటుంది. మయోసైటిస్‌లో అది వేలల్లోకి పోవచ్చు. ఇక్కడే రెండో చిక్కు ఎదురవుతుంది. కాలేయ పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు కాలేయంలోనే కాదు, కండరంలోనూ ఉంటాయి. కండరం చెడినప్పుడు అవి పెరుగుతాయి, ఆ కాగితం చూసి "కాలేయం వాచింది" అంటారు, కామెర్లకు పసరు పోయించడానికి కూడా తీసుకుపోతారు. బిలిరుబిన్ మామూలుగా ఉండి, జీజీటీ (కండరం చెడినా పెరగని కాలేయ ఎంజైము) మామూలుగా ఉండి, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీలు మాత్రమే పెరిగితే, అందులోనూ ఎస్‌జీఓటీ ఎక్కువగా ఉంటే, కాలేయం కన్నా ముందు కండరాన్ని అనుమానించాలి. సీపీకే పెరగడానికి థైరాయిడ్ తగ్గడం, కండరానికి వేసిన ఇంజెక్షన్లు, అలవాటు లేని బరువు పని, కొన్ని మందులు కూడా కారణం కావచ్చు కనుక టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) తప్పక చూడాలి.

తరువాత చర్మం. పుస్తకాల్లోని ఫొటోలు ఎక్కువగా తెల్లటి చర్మం మీద తీసినవి కాబట్టి, వాటిలోని ఊదా, ఎరుపు రంగులను మన రోగుల్లో వెతికితే నిరాశే మిగులుతుంది. చామనచాయ, నలుపు చర్మం మీద కనురెప్పల దద్దు నల్లటి మరకలాగా, కొద్దిపాటి ఉబ్బుతో కనిపిస్తుంది. "ఎండకు నల్లబడ్డది" అని రోగే సర్దుకుంటాడు. వేళ్ల మీద ఎక్కడ మచ్చలున్నాయో నిదానంగా చూడాలి. డెర్మటోమయోసైటిస్‌లో వేళ్ల కణుపుల మీద గట్టి గడ్డల్లాగా, పొలుసులతో వస్తాయి. లూపస్ అనే మరో ఆటోఇమ్యూన్ జబ్బులో కణుపులను వదిలి వాటి మధ్య భాగంలో వస్తాయి. ఛాతీ మీద మెడ దగ్గర వీ ఆకారంలో, భుజాల మీద శాలువా కప్పినట్టు వచ్చే దద్దును కూడా గమనించాలి. పత్తి ఏరే కాలంలో పొద్దంతా ఎండలో ఉండే ఆడవాళ్లలో అది మరీ ముదురుతుంది.

కూలి చేసే చేతుల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. యాంటీసింథటేజ్ సిండ్రోమ్ అనే రకంలో బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి ఎదురయ్యే అంచుల వెంబడి చర్మం మొద్దుబారి, పగుళ్లిచ్చి, మురికి పట్టినట్టు కనిపిస్తుంది. గడ్డపార, పార పట్టే చేతికి కాయలు కాయడం సహజమే గాని, అవి పిడి ఆనే అరచేతిలో కాస్తాయి, వేళ్ల పక్క అంచుల వెంబడి కావు. పని మానేసి నెలలైనా ఆ పగుళ్లు మానకపోతే అనుమానం బలపడుతుంది. గోటి మొదట్లో చర్మం ఎర్రబడి, సన్నని రక్తనాళాలు వంకర్లు తిరిగి ఉబ్బి ఉండటాన్ని ఫోను కెమెరాతో పెద్దది చేసి చూసినా కొంతవరకు గుర్తించవచ్చు.

చివరగా ఊపిరి. రోగి వేలికి ఆక్సిమీటరు పెట్టి కూర్చోబెట్టినప్పుడు 97 చూపించి, వరండాలో కాసేపు నడిపించగానే అది 91కో, 90కో పడితే, ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉన్నా హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ స్కాన్) చేయించాలి.

రక్తం పంపేటప్పుడు

ఈ పరీక్షకు పరగడుపున రావలసిన పని లేదు. మామూలు సీరం గొట్టంలో కొద్దిపాటి రక్తం చాలు. అడగవలసిన పేరు "మయోసైటిస్ ప్రొఫైల్". దానితో పాటు ఏఎన్ఏ (కణకేంద్రకంలోని ప్రొటీన్లను పట్టుకునే యాంటీబాడీల) పరీక్షను ఇమ్యునోఫ్లోరెసెన్స్ (యాంటీబాడీ కణంలో ఎక్కడ అంటుకున్నదో మెరుపుగా చూపే) పద్ధతిలో, ప్యాటర్న్ రాసి ఇచ్చేటట్టుగా అడగాలి. ఎలైసా పద్ధతిలో ఇచ్చే ఒక్క అంకె ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. హెచ్ఎంజీసీఆర్ అనే యాంటీబాడీ చాలా ప్రొఫైళ్లలో ఉండదు కాబట్టి, కొలెస్టరాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడుతున్న లేదా గతంలో వాడిన రోగికి దాన్ని విడిగా అడిగి చేయించాలి. ఈ పరీక్షల ఖర్చు వేలల్లో ఉంటుంది. సీపీకే, ఎస్‌జీఓటీ, టీఎస్‌హెచ్ ముందు చూసి, అనుమానం నిలిచిన వారికే ఇవి రాయడం న్యాయం.

ఊరి ఆర్‌ఎంపీ దగ్గర అప్పటికే స్టెరాయిడ్ సూదులు, మాత్రలు తీసుకుని వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. స్టెరాయిడ్‌తో సీపీకే దిగవచ్చు గాని, యాంటీబాడీ అంత త్వరగా మాయం కాదు కాబట్టి పరీక్ష చేయించవచ్చు. ఏ మందు ఎన్నాళ్లు వాడారో మాత్రం చీటీ మీద రాయాలి. ఐవీఐజీ ఎక్కించబోతున్న రోగికి రక్తం దానికి ముందే తీసి ఉంచాలి. అది వేలమంది దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మిశ్రమం గనుక, ఎక్కించిన తరువాత తీసిన రక్తంలో రోగివి కాని యాంటీబాడీలు కనిపించి పొరపాటు పడే వీలుంది.

రిపోర్టును చదివే క్రమం

పాజిటివ్ అన్న మాట మీద కన్ను పడగానే గూగుల్‌లో ఆ పేరు వెతకడం అందరూ చేసే పనే. దానికి ముందు నాలుగు సంగతులు చూసుకోవాలి.

మొదటిది పద్ధతి. మన దగ్గర ఎక్కువగా జరిగేది లైన్ బ్లాట్. ఒక సన్నని పట్టీ మీద వేర్వేరు ప్రొటీన్లను గీతలుగా అతికించి, దాని మీద రోగి సీరం పోస్తారు. ఏ గీతకు యాంటీబాడీ అంటుకుంటే ఆ గీత రంగు తేలుతుంది. చవక, త్వరితం, కానీ లోపం లేనిది కాదు. ఇమ్యునోప్రెసిపిటేషన్ అనే పద్ధతి మరింత నమ్మదగినదైనా అది పరిశోధనశాలలకే పరిమితం. పట్టీ ఫొటో రిపోర్టులో ఉంటే కంట్రోల్ గీత స్పష్టంగా తేలిందా లేదా చూడాలి, అది తేలకపోతే మిగతా గీతలకు విలువ లేదు.

రెండోది గీత బలం. మూడు ప్లస్‌లతో వచ్చిన ముదురు గీతకూ, ఒక్క ప్లస్‌తో లేదా బార్డర్‌లైన్ అని వచ్చిన పలచటి గీతకూ చాలా తేడా ఉంది. పలచటి గీతలు ఏ జబ్బూ లేనివాళ్లలోనూ, వేరే జబ్బులున్నవాళ్లలోనూ కనిపిస్తాయి. బలహీనత లేక, మచ్చలు లేక, సీపీకే మామూలుగా ఉన్న మనిషిలో ఒక్క బార్డర్‌లైన్ గీతను చూసి మయోసైటిస్ అని ముద్ర వేసి స్టెరాయిడ్ మొదలుపెట్టడం కన్నా, ఆ గీతను పక్కన పెట్టి కొన్ని నెలలు గమనించడమే మేలు.

మూడోది ఎన్ని గీతలు తేలాయన్నది. మయోసైటిస్‌కే ప్రత్యేకమైన యాంటీబాడీలు సాధారణంగా ఒక రోగిలో ఒకటే ఉంటాయి. జో-1, ఎస్ఆర్‌పీ, ఎండీఏ-5 మూడూ ఒకే రిపోర్టులో పాజిటివ్ అని వస్తే రోగికి మూడు జబ్బులున్నాయని కాదు, పరీక్షనే అనుమానించాలి. రో-52 మాత్రం దీనికి మినహాయింపు. అది జో-1 లాంటి వాటికి తోడుగా తరచూ వస్తుంది.

నాలుగోది ఏఎన్ఏ ప్యాటర్న్‌తో పొంతన. ఎంఐ-2, టిఫ్-1 గామా కణకేంద్రకంలో ఉండే ప్రొటీన్లను పట్టుకుంటాయి కాబట్టి ఏఎన్ఏలో సన్నని చుక్కల ప్యాటర్న్ రావాలి. జో-1, పీఎల్-7, పీఎల్-12, ఎస్ఆర్‌పీలకు లక్ష్యాలు కేంద్రకం బయట, సైటోప్లాజంలో ఉంటాయి. కనుక "ఏఎన్ఏ నెగటివ్, సైటోప్లాస్మిక్ ప్యాటర్న్ ఉంది" అని రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో రాసిన వాక్యమే ఒక్కోసారి అసలు సమాచారం అవుతుంది. ఏఎన్ఏ నెగటివ్ అని తేలగానే ఆటోఇమ్యూన్ జబ్బు లేదని రోగిని పంపించేయడం ఈ జబ్బులో జరిగే పెద్ద పొరపాట్లలో ఒకటి. ముదురుగా తేలిన ఎంఐ-2 గీతకు ఏఎన్ఏ పూర్తిగా నెగటివ్‌గా ఉంటే ఆ గీతను సందేహించాలి. ఎండీఏ-5 విషయంలో మాత్రం ఏఎన్ఏ నెగటివ్‌గా ఉండటం మామూలే.

పేర్ల వెనుక ఉన్న జబ్బులు

అన్నిటికన్నా తొందరపడవలసిన పేరు ఎండీఏ-5. జపాన్ వైద్యులు 2005లో మొదట వర్ణించిన ఈ యాంటీబాడీ ఉన్న రోగుల్లో కండరాల బలహీనత అసలు లేకపోవచ్చు, సీపీకే మామూలుగానే ఉండవచ్చు. చర్మం మీద మచ్చలు, అరచేతుల్లో నొప్పిపుట్టే చిన్న గడ్డలు, కణుపుల మీద, మోచేతుల మీద లోతైన పుండ్లు, నోటిపూత, జుట్టు రాలడం, కీళ్ల నొప్పులు, సన్నని జ్వరం కనిపిస్తాయి. సీపీకే బాగుందని నిశ్చింతగా ఉన్న సమయంలోనే కొందరిలో ఊపిరితిత్తులు వారాల వ్యవధిలో గట్టిపడి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఎండీఏ-5 బలంగా పాజిటివ్ వచ్చి, రోగికి దగ్గు గాని, ఆయాసం గాని ఉంటే, తరువాతి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా హెచ్‌ఆర్‌సీటీ, ఫెరిటిన్ (ఇనుమును నిల్వచేసే ప్రొటీను) రక్తపరీక్ష చేయించి అదే రోజు పెద్దాసుపత్రికి పంపాలి. ఫెరిటిన్ బాగా పెరిగి ఉండటం చెడు సంకేతం. ఈ రకానికి తొలి నుంచే ఒకటికి మించిన బలమైన మందులు కలిపి వాడవలసి రావచ్చు కాబట్టి, నిపుణుల చేతిలోనే చికిత్స జరగాలి.

జో-1, పీఎల్-7, పీఎల్-12, ఈజే, ఓజే అన్నవి ఒక కుటుంబం. కణంలో ప్రొటీన్లు తయారయ్యేటప్పుడు అమైనో ఆమ్లాలను అందించే సింథటేజ్ ఎంజైములను ఇవి లక్ష్యం చేసుకుంటాయి. కండరాల వాపు, కీళ్ల నొప్పులు, ఊపిరితిత్తుల్లో మచ్చ, చలికి వేళ్లు తెల్లబడటం, ముందు చెప్పిన చేతి అంచుల పగుళ్లు, జ్వరం కలిసి వచ్చేదే యాంటీసింథటేజ్ సిండ్రోమ్. అన్నీ ఒకేసారి ఉండవు. పీఎల్-7, పీఎల్-12 ఉన్నవారిలో కండరం బాగానే ఉండి ఊపిరితిత్తులే ముందు చెడవచ్చు. ఇలాంటి రోగి ఛాతీ ఎక్స్‌రేలో నీడలు చూసి, గళ్లలో (కఫంలో) క్షయ క్రిమి దొరకకపోయినా టీబీ మందులు మొదలుపెట్టడం మన ప్రాంతంలో అరుదు కాదు. అలాగని టీబీని తీసిపారేయడానికీ లేదు. స్టెరాయిడ్లు, ఇమ్యూనిటీ తగ్గించే మందులు పెట్టేముందు గళ్లను సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే) పరీక్షకు పంపి తేల్చుకోవడం తప్పనిసరి. జో-1 ఒక్కటే చేయించి, నెగటివ్ అని ఆగిపోవడం కూడా సరికాదు. 2017లో వచ్చిన అంతర్జాతీయ వర్గీకరణ ప్రమాణాల్లో యాంటీబాడీల నుంచి జో-1కు మాత్రమే చోటు దక్కినప్పటికీ, మిగిలినవాటి ప్రాముఖ్యం దానివల్ల తగ్గదు.

టిఫ్-1 గామా, ఎన్ఎక్స్‌పీ-2 పేర్లు చూసి నెట్‌లో వెతికిన కుటుంబాలు ఎక్కువగా భయపడేది క్యాన్సరు మాటకు. నలభై దాటిన పెద్దవాళ్లలో, ముఖ్యంగా టిఫ్-1 గామా బలంగా ఉన్నవారిలో, లోపల ఎక్కడైనా క్యాన్సరు ఉండే అవకాశం మామూలు కన్నా ఎక్కువన్నది నిజమే. జబ్బు బయటపడటానికి మూడేళ్ల ముందు నుంచి మూడేళ్ల తరువాత వరకు ఆ ముప్పును లెక్కలో ఉంచుకుంటారు. పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ క్యాన్సరు ఉన్నట్టు కాదు, వెతకవలసిన బాధ్యత మాత్రం ఉంది. మెడ, ఛాతీ, పొట్ట, కటి భాగాల సీటీ స్కాన్, ఆడవాళ్లకు మామోగ్రామ్, గర్భాశయ ముఖద్వార పరీక్ష, అండాశయాల కోసం స్కానింగ్, సీఏ-125 రక్తపరీక్ష చేయించాలి. బీడీలు, గుట్కా, జర్దా అలవాటున్నవారి నోరు, గొంతు లైటు వేసి చూడటానికి ఏ ఖర్చూ లేదు, అయినా చాలాసార్లు అదే మరిచిపోతారు. పిల్లల్లో ఇవే యాంటీబాడీలు వస్తే క్యాన్సరు కోసం భయపడనక్కరలేదు. వాళ్లలో టిఫ్-1 గామాతో చర్మం మీద మచ్చలు విస్తారంగా వస్తాయి, ఎన్ఎక్స్‌పీ-2తో చర్మం కింద సున్నపు గడ్డలు పేరుకుంటాయి.

ఎస్ఆర్‌పీ, హెచ్ఎంజీసీఆర్ ఉన్నవారిలో చర్మం దాదాపు మామూలుగా ఉండి, కండరం వేగంగా చచ్చుబడుతుంది. సీపీకే తరచూ అయిదు వేలు, పది వేలు దాటుతుంది. హెచ్ఎంజీసీఆర్ ఉన్నవారిలో కొందరు గుండెకు స్టెంటు వేయించుకున్న తరువాత స్టాటిన్ వాడినవారు. స్టాటిన్ వల్ల వచ్చే మామూలు కండరాల నొప్పి మందు ఆపితే తగ్గిపోతుంది, ఇది మాత్రం ఆపినా ఆగదు, ఇమ్యూనిటీని అదుపు చేసే చికిత్స కావాలి. గుండె మందులను రోగి తనంతట తాను ఆపకూడదు, గుండె వైద్యుడితో మాట్లాడి స్టాటిన్‌కు బదులు వేరే మందు రాయించుకోవాలి.

ఎంఐ-2 వస్తే కొంత ఊరట. మచ్చలు స్పష్టంగా ఉంటాయి, చికిత్సకు సాధారణంగా బాగా లొంగుతుంది. ఎస్ఏఈ ఉంటే మచ్చలు ముందు, బలహీనత తరువాత, మింగడంలో ఇబ్బంది ఎక్కువ. పీఎం-ఎస్‌సీఎల్, యూ1-ఆర్‌ఎన్‌పీ వంటివి మయోసైటిస్‌తో పాటు స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు), లూపస్ లక్షణాలు కలిసినచోట కనిపిస్తాయి. రో-52 ఒంటరిగా వస్తే దాని అర్థం తక్కువ, మరొకదానితో కలిసి వస్తే ఊపిరితిత్తుల మీద ఓ కన్నేసి ఉంచాలి. గర్భం దాల్చే వయసు స్త్రీలో రో యాంటీబాడీలుంటే ఆ సంగతి ప్రసూతి వైద్యురాలికి ముందే చెప్పాలి, కడుపులోని బిడ్డ గుండె వేగాన్ని గమనించవలసి ఉంటుంది. ఇమ్యూనిటీ తగ్గించే మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్ మందులు వాడుతూ గర్భం దాల్చకూడదన్న హెచ్చరిక కూడా అప్పుడే ఇవ్వాలి.

అన్నీ నెగటివ్ వస్తే

మచ్చలు, బలహీనత, పెరిగిన సీపీకే ఉండి ప్రొఫైల్ మొత్తం నెగటివ్ వచ్చినా జబ్బు లేదని కాదు. అలాంటి రోగికి తొడ కండరాల ఎంఆర్‌ఐ, ఈఎంజీ (కండరాల్లోని విద్యుత్ సంకేతాల పరీక్ష), చివరికి కండరం ముక్క తీసి పరీక్షించడం అవసరమవుతాయి. యాభై దాటిన మనిషిలో పిడికిలి పట్టు సడలి, తొడ ముందు భాగం కృశించి, స్టెరాయిడ్‌కు ఏమాత్రం లొంగకపోతే ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్ అనే వేరే రకాన్ని గుర్తుకు తెచ్చుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి, ఏమి వెంట తీసుకుపోవాలి

మొదటి పరీక్షలకు నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోని జనరల్ మెడిసిన్, చర్మవ్యాధుల విభాగాలు సరిపోతాయి. తరువాత హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ప్రత్యేకంగా ఉంది. నల్గొండ వైపు వారికి బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర పడుతుంది. క్యాన్సరు అనుమానం తేలితే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచింది గాని, ఏ పరీక్ష, ఏ ఇంజెక్షన్ దాని కిందికి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, చేరకముందే తేల్చుకోవాలి.

ఫైలులో ప్రొఫైల్ అసలు కాగితం, వీలైతే పట్టీ ఫొటో, ఏఎన్ఏ ప్యాటర్న్, తేదీలతో సీపీకే అంకెలు, హెచ్‌ఆర్‌సీటీ రిపోర్టుతో పాటు సీడీ, ఇప్పటిదాకా వాడిన స్టెరాయిడ్ మోతాదులు ఉండాలి. మచ్చలు ముదిరి ఉన్న రోజున పగటి వెలుతురులో చేతుల, ముఖం, మెడ ఫొటోలు తీసి ఉంచితే, మందుతో అవి తగ్గిన తరువాత చూసే వైద్యుడికి ఎంతో ఉపయోగం. స్టెరాయిడ్ మొదలైన తరువాత నెమ్మదించిందని దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. చికిత్స ఎలా పనిచేస్తున్నదో తెలుసుకోవడానికి ప్రొఫైల్‌ను మళ్లీ మళ్లీ చేయించి డబ్బు పోగొట్టుకోవద్దు. దానికి సీపీకే, చేయి ఆనించకుండా కింది నుంచి లేవగలగడం, నడిచినప్పటి ఆక్సిజన్, మింగడం చాలు. మొదటి రిపోర్టులో పలచటి గీతలు, రోగి లక్షణాలు ఒకదానికొకటి పొసగకపోయినప్పుడు మాత్రం వేరే ల్యాబులో, వీలైతే వేరే పద్ధతిలో మరోసారి చేయించవచ్చు.